సిటీ బస్సులో దివ్యాంగుల కార్డు చూపిస్తే టికెట్ తీసుకోవాలా? అసలు ఎక్కడానికే కుదరకపోతే ఎవరిని అడగాలి?

కిటికీ_సీటు

అందరికీ నమస్కారం. ఒక సందేహం, దాంతోపాటు కొంచెం కోపం కూడా.

మా తమ్ముడికి చూపు బాగా తక్కువ. ఎదురుగా మనిషి ఉన్నాడని తెలుస్తుంది, ఎవరో తెలియదు. బస్సు వస్తోందని తెలుస్తుంది, నంబరు కనిపించదు. యూడీఐడీ కార్డు, అంటే దివ్యాంగుల గుర్తింపు కార్డు ఉంది, వైకల్యం 40 శాతం పైనే. మొన్న సిటీ బస్సులో ఫోన్‌లో డిజిలాకర్ (ప్రభుత్వ పత్రాలు దాచుకునే యాప్) తీసి ఆ కార్డు చూపిస్తే కండక్టర్ ఒప్పుకోలేదు. "ఫోన్ బాగానే చూస్తున్నావుగా, కళ్ళకేమైంది?" అన్నాడట. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. వీడు టికెట్ డబ్బులిచ్చేసి, మా స్టాపు రాకముందే దిగిపోయి నడుచుకుంటూ వచ్చాడు. ఫోన్‌లో అక్షరాలు ఎంత పెద్దవి చేసుకుని ముక్కుకు ఆనించుకుని చూస్తాడో ఆ కండక్టర్‌కి తెలియదు కదా.

ఏ ఊరు, ఏ డిపో అన్నది కావాలనే రాయడం లేదు. ఆ మనిషి ఉద్యోగం మీదికి తేవడం నా ఉద్దేశం కాదు. నాకు తెలియాల్సింది రూలు. కార్డు చూపిస్తే టికెట్ అక్కర్లేదా? ఫోన్‌లో చూపిస్తే చెల్లదా?

స్టేజీ_లెక్కలు

కిటికీ సీటు గారూ, ఇక్కడ చాలామంది తడబడే చోటు ఒకటుంది. యూడీఐడీ కార్డు బస్సు పాసు కాదు. మీ తమ్ముడికి వైకల్యం ఉందని, ఎంత శాతమో ప్రభుత్వం ధ్రువీకరించే కార్డు అది. టికెట్‌లో రాయితీ ఇవ్వాలా, ఎంత ఇవ్వాలి, ఏ రకం బస్సుల్లో ఇవ్వాలి అన్నది ఆ రాష్ట్ర ప్రభుత్వమూ బస్సులు నడిపే సంస్థా తేల్చుకునే విషయం. కొన్నిచోట్ల కార్డు చూపిస్తే చాలు. కొన్నిచోట్ల ఆ కార్డుతో బస్‌పాస్ కౌంటర్‌కి వెళ్ళి వేరే పాసు తీసుకోవాలి. తమిళనాడునే చూడండి. 2021 నుంచి ఆర్డినరీ టౌన్ బస్సుల్లో దివ్యాంగులకు ఉచితం, వాళ్ళతో వచ్చే ఒక మనిషికి కూడా ఉచితం. ఆ తోడు మనిషి ముక్క అన్నిచోట్లా ఉండదు. అందుకని మీ ఊళ్లో కౌంటర్‌కి వెళ్ళినప్పుడు ఈ మూడూ అడగండి: ఏ బస్సులకు చెల్లుతుంది, తోడు మనిషికి ఉందా, పాసు ఎన్నాళ్ళకోసారి రెన్యువల్ చేయించాలి.

డిజిలాకర్ సంగతి: అందులో జారీ అయిన పత్రాన్ని అసలు పత్రంతో సమానంగా చూడాలని ఐటీ చట్టం కింద రూల్సే ఉన్నాయి. కానీ నిలబడ్డానికి చోటు లేని బస్సులో కండక్టర్‌తో ఐటీ చట్టం వాదించలేం. కార్డును లామినేషన్ చేయించి మెడలో వేసుకోమనండి. కాగితం సదరం సర్టిఫికెట్ (రాష్ట్రం ఇచ్చే వైకల్య ధ్రువపత్రం) ఒక్కటే ఉన్నవాళ్ళు యూడీఐడీ కూడా తీసేసుకోండి, వేరే రాష్ట్రం వెళ్ళినా చూపించొచ్చు. కొత్త కార్డుల్లో రంగులు కూడా పెట్టారు: 40 లోపు తెలుపు, 40 నుంచి 80 లోపు పసుపు, 80 ఆపైన నీలం.

ఇక ఆ నవ్వుల సంగతి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో సెక్షన్ 92 ఉంది. నలుగురిలో కావాలని అవమానిస్తే 6 నెలల నుంచి 5 ఏళ్ల దాకా జైలు. ఒక్క మాటకి కేసు పెట్టమని నేను చెప్పను. అయితే ఫిర్యాదు రాసేటప్పుడు ఆ సెక్షన్ నంబరు ఒక లైనులో వేస్తే చదివేవాళ్ళు కుర్చీలో సర్దుకుని కూర్చుంటారు.

పాత_కండక్టర్

అమ్మా, ఆ మాట అన్నవాడిది ముమ్మాటికీ తప్పే. వాడి తరఫున మాట్లాడటం లేదు. కండక్టర్ సీటులోంచి ఎలా ఉంటుందో మాత్రం చెప్తాను, నేను రిటైరయింది ఆ సీటులోంచే.

ఒక చేతిలో టిమ్ము, అదే టికెట్లు కొట్టే మెషిన్, ఇంకో చేతిలో చిల్లర. స్టేజీ దాటేలోపు టికెట్లన్నీ కొట్టెయ్యాలి. తర్వాతి స్టాపులో చెకింగ్ వాళ్ళు ఎక్కారంటే, పాసు లేకుండా కార్డు మీద వదిలేసిన మనిషి కనపడితే ముందు అడిగేది నన్నే. "ఈయనకి టికెట్ ఎందుకు కొట్టలేదు?" అని. మాకు ట్రైనింగ్‌లో నేర్పింది పాసులో ఫొటో, తేదీ, రకం చూడటం. చూపు సగం ఉన్నవాళ్ళుంటారని, వినికిడి తగ్గినవాళ్ళు పైకి మామూలుగానే కనిపిస్తారని మాకెవరూ చెప్పలేదు. పోలియో కాలు, నల్లకళ్ళద్దాలు, తెల్లకర్ర, అంతవరకే తెలుసు.

ఆ దివ్యాంగుల చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయని మా అల్లుడు చెప్తే తర్వాత తెలిసింది. హీమోఫీలియా, తలసీమియా, సికిల్ సెల్, పార్కిన్సన్స్ అన్నీ ఉన్నాయట. వాటిలో సగం నేను పైకి చూసి పోల్చలేను. అందుకే పాసు అడగడం తప్పనుకోవద్దు. ఎగతాళి చేయడం తప్పు.

కిటికీ_సీటు

అర్థమైంది బాబాయ్ గారూ. పాసు తీయిస్తాం. కానీ వాడికి ఇంకో భయం పట్టుకుంది. "పాసు చూపిస్తే ఇంకా ఎక్కువమంది నా కళ్ళలోకి చూస్తారక్కా, డబ్బులిచ్చేస్తేనే నయం" అంటున్నాడు. దానికేం చెప్పాలో తెలియడం లేదు.

తెల్లకర్ర

మీ తమ్ముడితో నన్ను మాట్లాడించండి, నేను చెప్తాను. నాకు అస్సలు కనిపించదు కాబట్టి నా మీద అనుమానాలు తక్కువ. సగం చూపున్న మా ఫ్రెండ్స్ పడే బాధ నాకు తెలుసు. కొందరు కర్ర అవసరం లేకపోయినా పట్టుకుని ఎక్కుతారు, ఈ ప్రశ్నల గోల తప్పించుకోవడానికి.

నా ఇబ్బంది డబ్బులది కాదు, నంబరుది. హైదరాబాద్‌లో గమ్యం యాప్ వచ్చాక బస్సు ఎక్కడుందో ఫోన్ చదివి చెప్తోంది, బాగానే ఉంది. కానీ కోఠి లాంటి చోట ఒకేసారి బస్సులు వరసగా వస్తాయి. నేను నిలబడ్డ చోట ఆగింది 218. నాకు కావాల్సిన 127K బస్సు దాని వెనక ఆగి, అక్కడే జనాన్ని దింపి, పక్కనుంచి వెళ్ళిపోయింది. వచ్చిందని ఫోన్ చెప్తుంది, ఎక్కడ ఆగిందో చెప్పదు. పక్కనున్నవాళ్ళని "ఇది ఏ బస్సండీ" అని అడిగితే వాళ్ళు బోర్డు వైపు చెయ్యి చూపిస్తారు. నవ్వొస్తుంది గానీ ఏం చేస్తాం.

దీనికి పరికరం లేదా అంటే ఉంది. ఐఐటీ ఢిల్లీ వాళ్ళు ఆన్‌బోర్డ్ అని ఒకటి తయారుచేశారు. మన చేతిలో చిన్న యంత్రం, బస్సు డోరు దగ్గర ఒక స్పీకరు. బటన్ నొక్కితే దగ్గరున్న బస్సుల నంబర్లు చెప్తుంది. మనక్కావాల్సింది ఎంచుకుంటే ఆ బస్సు డోరు దగ్గర స్పీకరు మోగుతుంది. ఆ శబ్దం పట్టుకుని నడిస్తే నేరుగా మెట్టు దగ్గరికే వెళ్తాం. ఢిల్లీ, ముంబై బస్సుల్లో పెట్టి చూశారు. మన దగ్గర బయటికి వినిపించే స్పీకరు ఒక్కటి ఉన్నా చాలు, డ్రైవర్ గారు అద్దం దించి నంబరు అరిచినా చాలు.

రెండో_మెట్టు

ఆడవాళ్ళ వైపు నుంచి ఒక మాట. నాకు చిన్నప్పటి పోలియో, కాలికి క్యాలిపర్, అంటే కాలు నిలబెట్టే ఇనుప పట్టీ. తెలంగాణలో ఆడవాళ్ళకి ఉచిత బస్సు పథకం మహాలక్ష్మి 2023 డిసెంబర్ 9న మొదలైనప్పటి నుంచి ఆర్డినరీలో, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లో నాకు దివ్యాంగుల పాసుతో పని లేదు. ఆధార్ చూపిస్తే జీరో టికెట్. ఆంధ్రాలో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి కింద మా అక్కకీ అంతే. తను హైదరాబాద్ వస్తే మాత్రం టికెట్ కొనాలి, నేను విజయవాడ వెళ్తే నేను కొనాలి, ఎవరి రాష్ట్రంలో వాళ్ళకే. డీలక్స్ ఎక్కితే ఇద్దరికీ టికెట్టే.

సరే, టికెట్ సున్నా అయింది. మెట్టు ఎత్తు తగ్గలేదు. క్యాలిపర్ వేసుకున్నవాళ్ళకి మోకాలు వంగదు. మంచి కాలు ముందు పైన పెట్టి, రాడ్డు పట్టుకుని, ఒళ్ళంతా చేతులతో పైకి లాక్కుని, అప్పుడు రెండో కాలు ఈడ్చుకోవాలి. ఇదంతా బస్సు కదలకుండా ఉంటేనే. బస్సు ఫుట్‌పాత్ పక్కకి వచ్చి ఆగితే ఫుట్‌పాత్ ఎత్తు కలిసొచ్చి ఒక మెట్టు తగ్గుతుంది. రోడ్డు మధ్యలో ఆపితే రోడ్డు మీద నుంచి ఎక్కాలి. రాడ్డు దొరికేలోపు "రైట్ రైట్" అనేస్తారు. జనం పెరిగాక ఆ రాడ్డు పట్టుకున్న చేతులు కూడా పెరిగాయి, నా చేతికి చోటుండదు.

ఇంకో సంగతి ఎవరూ పట్టించుకోవడం లేదు. నాకు కొట్టే జీరో టికెట్ మహాలక్ష్మి లెక్కలో పడుతుంది. దివ్యాంగురాలు ఎక్కిందని ఆ టికెట్ మీద ఎక్కడా ఉండదు. రేపు ఎవరైనా "మీ బస్సుల్లో దివ్యాంగులు ఎంతమంది ఎక్కుతున్నారు" అని అడిగితే నేను ఏ లెక్కలోనూ లేను.

ఆఫీసు_టైము

ఎవరూ కోపం తెచ్చుకోకండి. నేను రోజూ నిలబడి వెళ్ళేవాణ్ణి. 2025 జూన్‌లో మెట్రో ఎక్స్‌ప్రెస్ పాసు 1,300 నుంచి 1,600 చేశారు. అక్టోబర్‌లో టికెట్లు కూడా పెంచారు, మొదటి మూడు స్టేజీలకు 5 రూపాయలు అదనం, నాలుగో స్టేజీ నుంచి 10 అదనం. సిటీ బస్సుల్లో పూర్తి డబ్బులు ఇస్తున్నది ఇప్పుడు ప్రధానంగా మగవాళ్ళే. సీటు దొరకదు. దివ్యాంగుల సీటు ఖాళీగా ఉంటే కూర్చుంటాను, వాళ్ళొస్తే లేస్తాను. అంతకంటే ఏం చేయాలి?

లో ఫ్లోర్ బస్సులు అడుగుతారు గానీ మన రోడ్ల మీద నడుస్తాయా? స్పీడ్ బ్రేకర్ ఎక్కితే కింద తగులుతుంది. వాన పడితే రోడ్డు మీద నీళ్ళు లోపలికొస్తాయి. పైగా రేటు ఎక్కువ. ఉన్న డబ్బుతో మామూలు బస్సులు ఇంకొన్ని కొంటే రద్దీ తగ్గి అందరికీ మేలు కదా.

రెండో_మెట్టు

లేస్తారు, సంతోషం. "వాళ్ళొస్తే" అన్నారు చూడండి, ఆ రద్దీలో మేం ఆ సీటు దాకా ఎలా రావాలి?

చక్రాల_మీద

ఆఫీసు టైము అన్నా, నీ ప్రశ్న మంచిదే, అందరూ అడిగేదే. నేను వీల్‌చైర్‌లో తిరుగుతాను కాబట్టి ఈ ఎత్తుల లెక్క నాకు కంఠతా వచ్చు.

కేంద్రం అర్బన్ బస్ స్పెసిఫికేషన్స్‌లో ఫ్లోర్ ఎత్తులు మూడు: 400, 650, 900 మిల్లీమీటర్లు. 400 అయితే లోపలికి మెట్టు ఉండదు. డోరు దగ్గర ఫ్లోర్‌లోనే మడత పలక ఉంటుంది, కొక్కెం వేసి లాగితే బయటికి తెరుచుకుంటుంది, కుర్చీ దాని మీద నుంచి లోపలికి పోతుంది. కొన్ని బస్సులు డోరు వైపుకి కొంచెం కుంగుతాయి కూడా. 900 అంటే నిలబడ్డ మనిషి నడుము దాకా ఎత్తు. దానికి పలక వేస్తే అది ర్యాంపు కాదు, జారుడుబల్ల. 650 అటూ ఇటూ కానిది, ముసలివాళ్ళకి నయం, నాకు పనికిరాదు.

మన రోడ్ల మీద నడవవు అంటావు. హైదరాబాద్‌లో జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం అనే కేంద్ర పథకం డబ్బుతో వచ్చిన మెట్రో లగ్జరీ ఏసీ బస్సులు తిరగలేదా? 2019లో ఎయిర్‌పోర్టుకి 40 ఎలక్ట్రిక్ బస్సులు వేశారు. ఎయిర్‌పోర్టు ప్రయాణికుడికి కుదిరిన బస్సు కాలనీ ప్రయాణికుడికి ఎందుకు కుదరదు? స్పీడ్ బ్రేకర్ సైజుకి మించి కడితే బాగుచేయాల్సింది స్పీడ్ బ్రేకర్‌ని. ఢిల్లీలో ఎత్తు బస్సులు కొంటామంటే కోర్టుకి వెళ్ళారు. చివరికి 2019 నుంచి వచ్చిన ఆ ఎత్తు బస్సులకి హైడ్రాలిక్ లిఫ్టు పెట్టారు. అది లేనిదానికంటే మెరుగు, కాదనను. కానీ లిఫ్టు దించడం, కుర్చీ ఎక్కించడం, పైకి లేపడం, అంతసేపూ వెనక హారన్లు, బస్సులో అందరి చూపూ నా మీదే. పలక అయితే కండక్టర్ ఒక్క చేత్తో వేస్తాడు.

ఉన్న డబ్బు అన్నావు. ఎక్కలేని బస్సులో నాకు వంద శాతం రాయితీ ఇస్తే దానివల్ల ఎవరికీ పైసా ఖర్చు లేదు అన్నా, ఎందుకంటే నేను ఎక్కను. నేను ఆటోకి పోస్తున్న డబ్బులు ఎవరి లెక్కలోనూ రావు.

లండన్_నుంచి

ఇక్కడి సంగతి రెండు ముక్కలు చెప్తాను, పోలిక కోసం. అక్కడిలాగే ఇక్కడా గొడవలున్నాయి.

లండన్ బస్సులో వీల్‌చైర్‌లో వచ్చినవాళ్ళకి టికెట్ లేదు. పాసు కూడా చూపించక్కర్లేదు. మిగతా దివ్యాంగులకు అర్హతను బట్టి ఫ్రీడమ్ పాస్ అనే ఉచిత పాసు ఉంటుంది, దాన్ని ఇచ్చేది వాళ్ళుండే బరో కౌన్సిల్ (అక్కడి స్థానిక సంస్థ). 2014 జూలై నుంచి బస్సులో నగదు తీసుకోరు, కార్డు తాకించాల్సిందే. మా అమ్మ వచ్చిన కొత్తలో డ్రైవర్‌కి చిల్లర ఇవ్వబోయింది. నాకు నచ్చిన రూలు వేరే ఉంది: ప్రతి బస్సులో ర్యాంపు అన్ని వేళలా పనిచేస్తూ ఉండాలి.

వీల్‌చైర్ చోటులో పిల్లల బండి పెట్టి తియ్యనంటే ఏం చేయాలి? 2012లో ఇంగ్లండ్‌లోనే లీడ్స్ వెళ్ళే బస్సులో ఇదే జరిగింది. బండిలో పిల్లవాడు నిద్రపోతున్నాడు, బండి మడతపడదు అంది ఆ తల్లి. వీల్‌చైర్‌లో ఉన్నాయన ఎక్కలేకపోయాడు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2017 జనవరిలో కోర్టు చెప్పింది ఏమిటంటే, డ్రైవర్ ఒకసారి అడిగి ఊరుకుంటే చాలదు. కారణం లేకుండా కదలనంటే గట్టిగా చెప్పాలి, అవసరమైతే కాసేపు బస్సు ఆపి కూర్చోవాలి. ఆ ప్రయాణికురాలిని బలవంతంగా దించమని మాత్రం అనలేదు. మన ఆఫీసు టైము గారి సీటు ప్రశ్నకి దగ్గరి విషయమే అనిపించి రాశాను.

పాత_కండక్టర్

బస్సు ఆపి కూర్చుంటే మన దగ్గర నలుగురు దిగి డ్రైవర్‌ని కొడతారు నాయనా! అయినా ఒకటి నిజం. "ఆ సీటు ఖాళీ చెయ్యండి" అని నేను అంటే లేచేవాళ్ళు. కుంటుతూ వచ్చినాయన అడిగితే కిటికీలోంచి బయటికి చూసేవాళ్ళు. అడగాల్సింది యూనిఫారం వేసుకున్నవాడు.

స్టేజీ_లెక్కలు

రాయితీ ఒక దారి, ఎక్కగలగడం ఇంకో దారి. రాయితీ ప్రభుత్వ విధానం, ఇవ్వొచ్చు, మార్చొచ్చు. ఎక్కగలగడం చట్టం. 2016 చట్టం సెక్షన్ 41 బస్ స్టాపులు, బస్సులు రెండింటి గురించీ చెప్తుంది. సాంకేతికంగా, ఖర్చుపరంగా కుదిరితే పాత వాహనాలకు కూడా మార్పులు చేయాలంటుంది. 2019 డిసెంబర్ 27న మోటారు వాహనాల రూల్స్ మార్చారు, 2020 మార్చి 1 నుంచి అమలు. ప్రత్యేక సీట్లు, వాటికి గుర్తులు, పట్టుకునే రాడ్లు, కర్రలూ వాకర్లూ పెట్టుకునే ఏర్పాటు, వీల్‌చైర్ ఎక్కించి బిగించే ఏర్పాటు, ఇవన్నీ బస్సు ఫిట్‌నెస్‌కి వచ్చినప్పుడు చూడాల్సినవే.

దీని మీద సుప్రీంకోర్టు తీర్పు కూడా ఉంది. చూపులేని ఒకాయన, రాజీవ్ రాటూరి, 2005లో వేసిన పిటిషన్. 2017లో ఒక తీర్పు వచ్చింది. దాని అమలు ఎలా ఉందో చూడమని మన హైదరాబాద్ నల్సార్ లా యూనివర్సిటీలోని దివ్యాంగుల అధ్యయన కేంద్రానికి అప్పగించారు. వాళ్ళ నివేదిక చూశాక 2024 నవంబర్ 8న కోర్టు ఆ 2016 చట్టం కింద తెచ్చిన రూల్స్‌లో రూల్ 15(1) చెల్లదంది. ఎందుకంటే చట్టం "తప్పనిసరి" అంటే రూలు సలహాలాగా ఉంది. కచ్చితంగా పాటించాల్సిన కనీస ప్రమాణాలు రాయమని కేంద్రానికి 3 నెలలు గడువిచ్చింది.

ఇప్పుడు అసలు సంగతి. పీఎం ఈ-డ్రైవ్ అనే కేంద్ర పథకం కింద హైదరాబాద్‌కి 2,000 ఎలక్ట్రిక్ బస్సులు కేటాయించారు. బస్సు ఒకసారి కొంటే ఏళ్ళ తరబడి తిరుగుతుంది. వచ్చాక ధర్నా చేస్తే ఫ్లోర్ దిగదు. వాటి ఫ్లోర్ ఎత్తు ఎంత, ఎన్నింటికి ర్యాంపు ఉంది అన్నది ఇప్పుడే అడగాలి.

చక్రాల_మీద

సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు వేద్దాం. ముసాయిదా నేను రాశాను, సరిచేయండి:

"మీరు కొనబోతున్న లేదా అద్దెకు తీసుకోబోతున్న సిటీ ఎలక్ట్రిక్ బస్సుల్లో 400, 650, 900 మి.మీ. ఫ్లోర్ ఎత్తు ఉన్నవి విడివిడిగా ఎన్ని? వీల్‌చైర్ ర్యాంపు, బిగించే ఏర్పాటు ఉన్నవి ఎన్ని? బయటికి రూటు నంబరు చెప్పే స్పీకరు టెండర్‌లో ఉందా? ర్యాంపు పనిచేయకపోతే ఆపరేటర్‌కి జరిమానా ఉందా? ఉంటే ఆ షరతు నకలు ఇవ్వండి. దివ్యాంగులను ఎక్కించడం గురించి డ్రైవర్లకు, కండక్టర్లకు ఇచ్చిన సర్క్యులర్ల నకళ్ళు ఇవ్వండి."

రెండో_మెట్టు

"బస్సును స్టాపులో ఫుట్‌పాత్ అంచుకి ఎంత దూరంలో ఆపాలని ఆదేశం ఉంది" అన్నది కూడా కలపండి. దానికి కొత్త బస్సు అక్కర్లేదు, కొత్త డబ్బులూ అక్కర్లేదు.

ఆఫీసు_టైము

కలపండి. అలాగే ఈ సమాధానం ఎవరూ ఇవ్వకపోతే తర్వాత ఎక్కడికి వెళ్ళాలి? వీల్‌చైర్ అన్న చెప్పిన ఆటో లెక్క నా బుర్రలో తిరుగుతోంది, నేను కూడా ఒక దరఖాస్తు వేస్తాను.

స్టేజీ_లెక్కలు

30 రోజుల్లో ఇవ్వాలి. ఇవ్వకపోతే అదే సంస్థలో మొదటి అప్పీలు, తర్వాత సమాచార కమిషన్. అది సమాచారం కోసం. ఇబ్బంది మీద ఫిర్యాదైతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కి రాయండి. కమిషనర్ సిఫారసు చేస్తే దాని మీద ఏం చేశారో సదరు సంస్థ 3 నెలల్లో చెప్పాలి. చట్టం ఉల్లంఘిస్తే మొదటిసారి 10 వేల దాకా, ఆ తర్వాత 50 వేల నుంచి 5 లక్షల దాకా జరిమానా వేసే సెక్షన్ 89 కూడా ఉంది. ఫిర్యాదులో బస్సు రిజిస్ట్రేషన్ నంబరు, రూటు, టైము, స్టాపు తప్పకుండా రాయండి. టికెట్ ఫొటో జతచేయండి, టిమ్ము టికెట్ మీద సిరా తొందరగా వెలిసిపోతుంది.

దరఖాస్తుకి ఫీజు 10 రూపాయలు. తెలుగు రాష్ట్రాల్లో కోర్టు ఫీ స్టాంపు అతికించొచ్చు. తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్ళకి ఫీజు లేదు, కార్డు జిరాక్స్ పెడితే చాలు.

కిటికీ_సీటు

మా తమ్ముడికి ఈ చర్చ అంతా చదివి వినిపించాను. దరఖాస్తు వాడి పేరు మీదే వేస్తానంటున్నాడు. కాకపోతే వాడి ప్రశ్న: జవాబు స్కాన్ కాపీగా పంపితే ఫోన్ చదవదు, మళ్ళీ నేనే చదివి పెట్టాలి. అలా కాకుండా అడగొచ్చా?

తెల్లకర్ర

అడగొచ్చు. సమాచార హక్కు చట్టం సెక్షన్ 7(4) చూపు, వినికిడి లేనివాళ్ళకి సమాచారం అందేలా అధికారి సాయం చేయాలంటుంది. 7(9) ప్రకారం మామూలుగా అయితే అడిగిన రూపంలోనే ఇవ్వాలి. దరఖాస్తు చివర ఇలా రాయమనండి: "నాకు చూపు లోపం ఉంది. సమాచారాన్ని స్క్రీన్ రీడర్ చదవగలిగే టెక్స్ట్ ఫైలుగా ఈమెయిల్‌లో పంపగలరు. స్కాన్ చేసిన బొమ్మలు వద్దు." యూడీఐడీ నంబరు అక్కడే వేయమనండి. నాకు ఒకసారి అలా అడిగితే టైపు చేసిన ఫైలే పంపారు, అక్షర దోషాలతో సహా.